విండ్ క్వింటెట్లకి ఇప్పుడు ఎవరు రాస్తున్నారు? మనం రాయాలంటే ఏం తెలియాలి?

మీరు అడిగింది రెండు ముక్కలుగా ఉంది. మొజార్ట్ గ్రాన్ పార్టిటా విన్నాక గాలి వాద్యాల మీద మనసు పడిందని, తర్వాత ఎంత వెతికినా నీల్సన్, హిండెమిత్ లాంటి పాత స్వరకర్తల దగ్గరే ఆగిపోతున్నానని, ఈ కాలంలో ఇలాంటి చిన్న బృందాలకి ఎవరైనా రాస్తున్నారా అని మొదటిది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, స్టాఫ్ నొటేషన్ చదవగలను, నేనే ఒక విండ్ క్వింటెట్ (ఐదు గాలి వాద్యాల కోసం రాసే రచన, ఆ బృందాన్నీ అలాగే అంటారు) రాయాలంటే ముందు ఏం తెలుసుకోవాలి అని రెండోది. రెండిటికీ కలిపే చెబుతాను. మొదటి ప్రశ్నకి జవాబుగా చెప్పే రచనల్ని శ్రద్ధగా వింటే రెండోదానికి సగం జవాబు వాటిలోనే దొరుకుతుంది. నేను క్లారినెట్ వాయిస్తాను, కొత్తగా రాసేవాళ్ళ క్వింటెట్లు మొదటిసారి వాయించి చూపించే బృందాల్లో చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను, కాబట్టి నా అభిప్రాయాలు కొంచెం గట్టిగానే ఉంటాయి.

రాస్తున్నారు. బోలెడంతమంది రాస్తున్నారు. మీకు కనబడకపోవడానికి కారణం మీరు స్వరకర్తల పేర్లు పట్టుకుని వెతకడం. స్ట్రింగ్ క్వార్టెట్ అయితే ఆ పద్ధతి పనిచేస్తుంది, హైడెన్ నుంచి షొస్టకోవిచ్ దాకా పెద్ద పేర్లన్నీ వరసగా దొరుకుతాయి. గాలి వాద్యాల ఛాంబర్ సంగీతం, అంటే చిన్న బృందాల సంగీతం, అలా పెరగలేదు. 1810ల్లో పారిస్‌లో ఆంటన్ రైకా రెండు డజన్ల క్వింటెట్లు రాశాడు, అదే కాలంలో జర్మనీలో ఫ్రాంజ్ డాన్జి తొమ్మిది రాశాడు, ఆ తర్వాత పెద్ద స్వరకర్తలు దాదాపు వందేళ్ళు ఈ వైపు చూడలేదు. 20వ శతాబ్దంలో మళ్ళీ ఊపు వచ్చిందంటే వాయించేవాళ్ళ వల్లే: వాళ్ళే వెళ్ళి అడిగారు, వాళ్ళే డబ్బు కూడగట్టారు, కొన్నిసార్లు వాళ్ళే రాసేసుకున్నారు. కాబట్టి ఇకనుంచి బృందం పేరు పట్టుకుని వెతకండి. ఒక మంచి బృందం దొరికితే దాని వెనకాల ఇరవైమంది స్వరకర్తలు దొరుకుతారు.

రచనల దగ్గరికి వెళ్ళేముందు ఈ ఐదు వాద్యాల సంగతి ఒక్కసారి చూడాలి, లేకపోతే ఎవరు ఏం సాధించారో అర్థం కాదు. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, ఫ్రెంచ్ హార్న్. వయొలిన్, వయోలా, చెల్లో ఒకే ఇంటి అన్నదమ్ములైతే ఈ ఐదుగురూ ఐదు ఊళ్ళ నుంచి వచ్చి ఒకే గదిలో దిగినవాళ్ళు. ఫ్లూట్‌కి రీడు లేదు, క్లారినెట్‌కి ఒక రీడు, ఓబోకీ బసూన్‌కీ రెండేసి రీడ్లు, హార్న్ ఇత్తడి వాద్యం, పైగా దాని గంట వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి శబ్దం గోడకి తగిలి వస్తుంది. ఫ్లూట్ మంద్రస్థాయిలో బలహీనం, పైకి వెళ్ళేకొద్దీ బలం. ఓబో దానికి పూర్తిగా తలకిందులు, అడుగు స్వరాలు గట్టిగా గరుగ్గా వస్తాయి, అక్కడ మెత్తగా వాయించమంటే ఎంత గొప్ప విద్వాంసుడికైనా టెన్షనే. క్లారినెట్ నిశ్శబ్దంలోంచి ఎప్పుడు మొదలైందో తెలియనట్టు మొదలవగలదు, మిగిలిన నలుగురూ అంత సులువుగా ఆ పని చేయలేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గుక్క. ఫ్లూట్ వాయించేవాళ్ళు ఊదే గాలిలో చాలా భాగం వాద్యం బయటికే పోతుంది, అందుకని వాళ్ళకి గాలి తొందరగా అయిపోతుంది. ఓబోలో రెండు రీడ్ల మధ్య సందు ఎంత సన్నగా ఉంటుందంటే గాలి బయటికి పోదు, వాయించేవాళ్ళకి ఊపిరితిత్తుల్లో గాలి మిగిలిపోయి అదే బరువవుతుంది. గుక్క తిప్పుకోవాల్సి వచ్చినప్పుడు ముందు పాత గాలి వదలాలి, తర్వాత కొత్త గాలి పీల్చుకోవాలి, అంటే రెండు పనులు. అదే ఎనిమిది బార్ల (బార్ అంటే మన ఆవర్తం లాంటి కొలత) వాక్యం ఫ్లూట్‌కీ ఓబోకీ కలిపి ఇస్తే ఫ్లూట్ ఐదో బార్‌లో గాలి కోసం వెతుక్కుంటుంది, ఓబో ఎనిమిదో బార్ దాటి కూడా వెళ్ళిపోగలదు, కానీ ఆగినప్పుడు ఎక్కువసేపు ఆగాలి. హార్న్‌కి గుక్క కంటే పెదవుల అలసట పెద్ద సమస్య, మధ్యమధ్యలో ఖాళీ బార్లు ఇవ్వకపోతే రెండో భాగానికి పెదవులు మొరాయిస్తాయి. ఈ రంగంలో బాగా రాసినవాళ్ళందరూ ఎవరు ఎప్పుడు గుక్క తిప్పుకుంటారన్న లెక్క మీదే సంగీతం కట్టారని నా గట్టి నమ్మకం. కింద చెప్పబోయే పేర్లు కూడా ఆ దృష్టితో ఏరినవే.

నీల్సన్ మీకు తెలుసు కాబట్టి ఒక్కమాట. 1922 నాటి ఆ క్వింటెట్‌ని ఆయన కోపెన్‌హేగన్ విండ్ క్వింటెట్ సభ్యుల కోసం, వాళ్ళ వాళ్ళ స్వభావాలు చూసి రాశాడు. అది పూర్తయ్యాక ఐదుగురికీ తలా ఒక కన్చెర్టో (ఒకరు ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచన) రాద్దామనుకున్నాడు. ఫ్లూట్‌ది 1926లో, క్లారినెట్‌ది 1928లో అయ్యాయి, 1931లో ఆయన పోయాడు, మిగిలిన ముగ్గురివీ రానేలేదు. ఓబో, బసూన్, హార్న్ వాయించేవాళ్ళకి ఆ లోటు ఇప్పటికీ మనసులో ఉంటుంది. అమెరికన్ స్వరకర్త బార్బర్ రాసిన సమ్మర్ మ్యూజిక్ కూడా ఇలాంటిదే. డెట్రాయిట్ ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ శ్రోతల దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి రాయించుకుంది, బార్బర్ న్యూయార్క్ వుడ్‌విండ్ క్వింటెట్ రిహార్సల్స్‌లో కూర్చుని ఏ స్వరం ఎవరికి ఎలా పలుకుతుందో విని రాశాడు, 1956లో మొదటి కచేరీ జరిగింది. దానికి జోడీగా తర్వాతి తరంలో జెనిఫర్ హిగ్డన్ ఆటమ్ మ్యూజిక్ రాసింది. 2010లో వయొలిన్ కన్చెర్టోకి పులిట్జర్ అందుకున్న హిగ్డన్ స్వతహాగా ఫ్లూట్ వాద్యకారిణి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. బార్బర్ బద్ధకంగా ఎండలో ఒళ్ళు విరుచుకుంటాడు, హిగ్డన్ సంగీతంలో గాలి చల్లబడుతుంది, ఆకులు కదులుతాయి.

ఇప్పుడు హంగరీ స్వరకర్త లిగెటి. ఒక్క స్వరకర్తని మాత్రమే వినే ఓపిక ఉంటే ఈయన్ని వినండి. 1951 నుంచి 53 దాకా బుడాపెస్ట్‌లో పియానో కోసం ముజికా రిచెర్కాటా అని పదకొండు చిన్న రచనలు చేశాడు. మొదటిదానిలో రెండే స్వరాలు, రెండోదానిలో మూడు, అలా ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతే పదకొండోదానిలో పన్నెండూ వస్తాయి. వాటిలో ఆరింటిని ఏరి 1953లో విండ్ క్వింటెట్‌కి మార్చాడు, అవే సిక్స్ బాగటెల్స్ (బాగటెల్ అంటే చిట్టి రచన). మొదటి బాగటెల్‌లో నాలుగే స్వరాలు: సి, ఇ ఫ్లాట్, ఇ, జి. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, పంచమం. రెండు గాంధారాలూ పక్కపక్కన ఉండటం మనకి వింతగా ఉంటుంది, మేళకర్తలో ఇమడాలంటే మొదటిదాన్ని షట్శ్రుతి రిషభం అనుకోవాలి. ఆయన ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒక నిమిషంన్నర లోపల మేజర్, మైనర్ రెండూ ఒకదాన్నొకటి వెక్కిరించుకునేట్టు చేశాడు. రాగం లేదు, పెద్ద సంగతులు లేవు, ఉన్నదల్లా నాలుగు స్వరాలూ ఐదు కంఠాలూ. స్వరం ఎవరి చేతిలోంచి వస్తోందన్నదే అక్కడ అసలు విషయం. నాలుగో బాగటెల్ ఏడు మాత్రల నడకలో పరిగెడుతుంది, మిశ్రచాపు వేసిన చేతికి లెక్క ఇట్టే దొరుకుతుంది. ఐదోది బార్టోక్ స్మృతిలో రాసింది, బరువుగా నడుస్తుంది.

1956లో బుడాపెస్ట్‌లో వీటిని వాయించినప్పుడు ఐదే వాయించారు. ఆరోదానిలో మైనర్ సెకండ్లు, అంటే స రి1 లాగా పక్కపక్క స్వరాలు రాసుకోవడం, మరీ ఎక్కువగా ఉందని అప్పటి పాలనలో అనుమతి దొరకలేదు. ఆ ఏడాది చివరికి లిగెటి దేశం వదిలి ఆస్ట్రియా వెళ్ళిపోయాడు. ఆరూ కలిపి మొదటిసారి వినబడింది 1969లో, స్వీడన్‌లో. ఆరోదాన్ని విన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఒక నిమిషం పైచిలుకు సంగీతానికి ఒక ప్రభుత్వం భయపడింది.

1968లో ఆయనే స్టాక్‌హోమ్ ఫిల్‌హార్మోనిక్ విండ్ క్వింటెట్ కోసం టెన్ పీసెస్ రాశాడు. మనిషి అదే, సంగీతం పూర్తిగా వేరు. బేసి సంఖ్య ఉన్నవి అందరూ కలిసి వాయించేవి, సరి సంఖ్య ఉన్నవి ఒక్కొక్కరికి ఇచ్చిన చిట్టి కన్చెర్టోలు: రెండోది క్లారినెట్‌కి, నాలుగోది ఫ్లూట్‌కి, ఆరోది ఓబోకి, ఎనిమిదోది హార్న్‌కి, పదోది బసూన్‌కి. నీల్సన్ ఐదు కన్చెర్టోలుగా రాద్దామనుకున్నది ఈయన ఒక్కొక్కటీ ఒకటి రెండు నిమిషాల్లో చెప్పేశాడనిపిస్తుంది నాకు. మొదటి పీస్‌లో స్వరాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే ఏది ఏ వాద్యమో గుర్తుపట్టలేం, ఐదు ఊళ్ళ వాళ్ళనీ కలిపి ఒకే మబ్బులా చేశాడు. అది కుదరడానికి ఫ్లూట్ బదులు ఆల్టో ఫ్లూట్, ఓబో బదులు ఇంగ్లీష్ హార్న్ (రెండూ వాటికంటే కింది శ్రుతిలో పలికే రకాలు) లాంటి మార్పులు వాడాడు. స్కోర్ (అందరి భాగాలూ ఒకేచోట రాసి ఉండే కాగితం) పెట్టుకుని వినాల్సిన రచన ఇది, స్కోర్ లేకుండా వింటే సగమే అందుతుంది.

గుక్క గురించి అన్నాను కదా, దాన్నే కాలప్రమాణంగా మార్చినవాడు స్టాక్‌హాసెన్. 1955-56లో రాసిన త్సైట్‌మాసేలో (ఫ్లూట్, ఓబో, ఇంగ్లీష్ హార్న్, క్లారినెట్, బసూన్) కొన్నిచోట్ల మెట్రోనోమ్ లెక్క ఉంటుంది, కొన్నిచోట్ల "వీలైనంత వేగంగా" అని ఉంటుంది, కొన్నిచోట్ల "వీలైనంత నిదానంగా" అని ఉంటుంది, ఆ నిదానానికి హద్దు వాయించే మనిషి ఒక్క గుక్క. ఒకరి గుక్క ఇంకొకరికి రాదు కాబట్టి ప్రతి కచేరీలో కాలం మారుతుంది. వినడానికి సులువైన రచన కాదు, వెంటనే నచ్చకపోతే పక్కన పెట్టి ఏడాది తర్వాత మళ్ళీ చూడండి.

అమెరికన్ స్వరకర్త ఎలియట్ కార్టర్ అంటే చాలామంది భయపడతారు, కానీ రాయాలనుకునేవాళ్ళకి ఆయన ఎయిట్ ఎట్యూడ్స్ అండ్ ఎ ఫాంటసీ (ఎట్యూడ్ అంటే సాధన కోసం రాసే చిన్న రచన) కంటే మంచి పాఠ్యపుస్తకం నాకు తెలీదు. కొలంబియా యూనివర్సిటీలో ఆర్కెస్ట్రేషన్ క్లాసు చెబుతూ బోర్డు మీద రాసిన ఉదాహరణల్లోంచి పుట్టింది, హార్న్ తప్ప మిగిలిన నాలుగు వాద్యాలకి. మూడో ఎట్యూడ్‌లో ఉన్నది డి మేజర్ తీగ (కార్డ్, అంటే కలిసి పలికే స్వరాలు) ఒక్కటే, మూడు స్వరాలు, అవి మెల్లగా చేతులు మారుతుంటాయి. ఏడోదానిలో ఒక్కటే స్వరం, జి. మొత్తం రచన ఆ ఒక్క స్వరం మీదే. ఒకరు లోపలికి వస్తారు, ఒకరు తప్పుకుంటారు, ఒకరు గట్టిగా అని తగ్గుతారు, స్వరస్థానం కదలకుండానే సంగీతం నడుస్తుంది. తంబూరా పెట్టుకుని ఆధార షడ్జమం సాధన చేసినవాళ్ళకి, ఒకే స్వరంలో ఎంత లోతుందో తెలిసినవాళ్ళకి, ఇది పరాయి సంగీతంలా అనిపించదు. అదే కార్టర్ వందేళ్ళు నిండాక, 2009లో, నైన్ బై ఫైవ్ అని ఇంకో క్వింటెట్ రాశాడు. ఐదుగురు మనుషులు వాద్యాలు మార్చుకుంటూ తొమ్మిది వాద్యాలు వాయిస్తారు.

డెన్మార్క్‌కి చెందిన హాన్స్ ఆబ్రహమ్సన్ వాల్డెన్ (1978) తక్కువమంది వింటారు, నాకు చాలా ఇష్టం. ఆయన హార్న్ నేర్చుకున్న మనిషి. ఉన్నవి చాలా కొద్ది స్వరాలు, వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో వాయించేవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు.

మీరు అడిగిన "ఇప్పుడు" అన్నదానికి సూటి జవాబు ఇమాని విండ్స్. 1997లో న్యూయార్క్‌లో ఫ్లూట్ వాద్యకారిణి వాలెరీ కోల్మన్ మొదలుపెట్టిన బృందం. ఆఫ్రికన్ అమెరికన్, లాటిన్ అమెరికన్ మూలాలున్న యువ కళాకారులు ఐదుగురు కలిశారు, వాళ్ళ నేపథ్యానికి తగిన సంగీతం పాత క్వింటెట్ పుస్తకాల్లో లేదు, అందుకని రాయడం మొదలుపెట్టారు. కోల్మన్ ఉమోజా మొదట ఆడవాళ్ళ బృందగానం కోసం చేసుకున్న చిన్న పాట. దాన్ని 2001లో క్వింటెట్‌కి మార్చింది. ఒకరు పిలిస్తే మిగిలినవాళ్ళు బదులిచ్చే పద్ధతి, డప్పుల చుట్టూ కూర్చున్నట్టుండే నడక, పాడుకోదగ్గ చిన్న వరస. ఇప్పుడు అమెరికాలో కాలేజీ క్వింటెట్లు తప్పకుండా వాయించే వాటిలో ఇదొకటి. 2019లో దీని ఆర్కెస్ట్రా రూపాన్ని ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా వాయించింది. రాసే దృష్టితో చూస్తే కోల్మన్ దగ్గర నేర్చుకోవాల్సింది పంపకం. వరస చేతులు మారే చోటల్లా అంతకుముందు వాయించినవాళ్ళకి గుక్క దొరుకుతుంది, కానీ వినేవాళ్ళకి అది విశ్రాంతిలా కాకుండా సంభాషణలా వినబడుతుంది. ఆ బృందంలో చాలాకాలం హార్న్ వాయించిన జెఫ్ స్కాట్ కూడా స్వరకర్తే, ఆయన రచన ప్యాషన్ ఫర్ బాక్ అండ్ కోల్ట్రేన్ రికార్డింగ్‌కి 2024లో గ్రామీ వచ్చింది.

వాళ్ళు సొంతంగా రాసుకోవడంతో ఆగలేదు. జాజ్ శాక్సఫోన్ దిగ్గజం వేన్ షార్టర్ చేత టెర్రా ఇంకాగ్నిటా రాయించారు, పియానిస్ట్ జేసన్ మొరాన్ చేత కేన్ రాయించారు. 2021లో వచ్చిన బ్రూయిట్స్ అనే ఆల్బమ్ మన దగ్గర అందరూ వినాల్సింది. దానిలో పేరు పెట్టిన రచన విజయ్ అయ్యర్‌ది, క్వింటెట్‌కీ పియానోకీ. ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాడి హత్య, తర్వాత జరిగిన విచారణ దాని వెనకున్నాయి. కోపం ఉన్న సంగీతం, తప్పకుండా కోపం ఉండాల్సిన సంగీతం.

అదే ఆల్బమ్‌లో రీనా ఇస్మాయిల్ రాసిన ది లైట్ ఈజ్ ద సేమ్ ఉంది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మీకు సరిగ్గా పనికొచ్చేది ఇదే. ఆమె అమెరికాలో పుట్టి పెరిగింది, అక్కడ పాశ్చాత్య సంగీత రచన చదివి, తర్వాత ఇండియా వచ్చి హిందుస్తానీ నేర్చుకుంది. దీపాలు వేరైనా వెలుగు ఒక్కటే అన్న రూమీ మాట పట్టుకుని, రెండు రాగాలు ఎదురెదురుగా పెట్టింది: వాచస్పతి, యమన్. మన మేళకర్త లెక్క గుర్తుచేసుకోండి. 64వది వాచస్పతి, 65వది మేచకల్యాణి, యమన్ స్వరాలు ఈ కల్యాణివే. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం రెండిటికీ ఉమ్మడి. తేడా నిషాదం ఒక్కటే, వాచస్పతికి కైశికి, కల్యాణికి కాకలి. ఆ ఒక్క నిషాదం అరస్వరం కిందికి దిగితే మనసు ఎంత బరువెక్కుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆమె ఆ ఒక్క స్వరం తేడా మీద మొత్తం రచన నిలబెట్టింది. ఐదు వాద్యాలు ఐదు దీపాలుగా వింటే ఇంకా బాగుంటుంది, అది నా ఊహ అనుకోండి.

ఇక్కడ గమనించాల్సింది ఆమె ఏం వదిలేసిందో. కచేరీలో పాడినట్టు ప్రతి స్వరానికీ గమకం రాయలేదు. ఏ వాద్యం ఏ జారు పలుకుతుందో చూసుకుని అంతవరకే తీసుకుంది. కర్ణాటకం నుంచి వచ్చినవాళ్ళు మొదట చేసే పని కల్యాణి ఆలాపనంతా చిన్న చిన్న స్వరాలుగా నొటేషన్‌లో పోసేయడం. కాగితం నల్లగా నిండిపోతుంది, వాయిస్తే రాగం వినబడదు. క్లారినెట్ పై స్థాయిలో జారుడు బాగా పలుకుతుంది, కానీ మధ్యలో ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి దాటే చోట (బ్రేక్ అంటాం) జారలేదు, తెగుతుంది. ఫ్లూట్‌లో మీటలకి రంధ్రాలున్న రకమైతే వేలు పక్కకి జరిపి కొంత జారు తీయొచ్చు. ఓబో, బసూన్ పెదవితో కొద్దిగా వంచగలవు, అంతకుమించి ఆశించకూడదు. హార్న్ పెదవుల మీద జారినప్పుడు హార్మోనిక్స్ (ఒకే గొట్టంలో సహజంగా పలికే పై స్వరాలు) మెట్లలా టకటకా వినబడతాయి, అది గమకం కాదు, కానీ దానికో అందం ఉంది.

ఐదు వేర్వేరు ఊళ్ళ సమస్యకి ఇంకో దారి కనిపెట్టినవాళ్ళు రీడ్ క్వింటెట్ల వాళ్ళు. 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలెఫాక్స్ అనే బృందం ఫ్లూట్‌నీ హార్న్‌నీ తీసేసి ఓబో, క్లారినెట్, శాక్సఫోన్, బాస్ క్లారినెట్, బసూన్ పెట్టుకుంది. అందరూ రీడు మీదే ఊదేవాళ్ళు కాబట్టి శబ్దం సులువుగా కలుస్తుంది. ఈ కూర్పుకి పాత సంగీతం అసలు లేదు, అందుకని పాతవి మార్చుకున్నారు, కొత్తవి రాయించుకున్నారు. పైన చెప్పిన ఆబ్రహమ్సన్ వాల్డెన్‌కి కూడా రీడ్ క్వింటెట్ రూపం ఉంది. అమెరికాలో అక్రోపొలిస్ రీడ్ క్వింటెట్ 2009లో మిషిగన్ యూనివర్సిటీలో మొదలైంది. వాళ్ళ కోసం మార్క్ మెలిట్స్ 2014లో రాసిన స్ప్లింటర్‌లో ఎనిమిది చిన్న భాగాలు, ఒక్కోదానికీ ఒక్కో చెట్టు పేరు. మొదటిసారి వినేవాళ్ళకి కూడా వెంటనే నచ్చుతుంది. పాస్కల్ లె బఫ్ వాళ్ళతో కలిసి చేసిన స్ట్రాండ్స్‌కి 2025లో గ్రామీ వచ్చింది. శాక్సఫోన్ క్వార్టెట్లు ఇంకో పెద్ద ప్రపంచం, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను, ఫిలిప్ గ్లాస్ క్వార్టెట్ (1995), జెనాకిస్ క్సాస్ (1987) రెండూ విని ఎంత దూరం దూరంగా ఉన్నాయో చూడండి.

రాయడం సంగతి. కంప్యూటర్‌ని నమ్మకండి. మ్యూజ్‌స్కోర్ ఉచితం, నేనూ వాడతాను, నొటేషన్ దానిలోనే చేయండి, కానీ అది వాయించి వినిపించేది చూసి నిర్ణయాలు తీసుకోకండి. దానికి ఊపిరి అక్కర్లేదు, పెదవులు అలసిపోవు, మంద్రంలో ఫ్లూట్‌ని ఓబో మీద నుంచి కూడా వినిపిస్తుంది. బదులుగా ప్రతి భాగాన్నీ మీరే పాడండి. తాళం వేసుకుని, కూర్చుని, ఫ్లూట్ భాగం మొదటి నుంచి చివరిదాకా. మీకు గుక్క ఎక్కడ కావాల్సి వచ్చిందో అక్కడ గుర్తు పెట్టండి. ఫ్లూట్‌కైతే దానికంటే కొంచెం ముందే కావాలి. అలా ఐదు భాగాలూ అయ్యాక గుర్తులన్నీ ఒకేచోట పడ్డాయేమో చూడండి, పడితే అక్కడ సంగీతం కూలబడుతుంది, కావాలని చేసిందైతే తప్ప.

దీనికి మన దగ్గరే మంచి పాఠం ఉంది. సన్నాయి మేళంలో ఇద్దరు వాయిస్తున్నప్పుడు దగ్గరగా కూర్చుని చూడండి. ఒకరు సంగతి ముగిస్తూ ఉండగానే రెండో ఆయన అందుకుంటారు, ఆ కాస్త సందులో మొదటి ఆయన గుక్క తిప్పుకుంటారు, వెనకాల శ్రుతి పట్టే మనిషి బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో పీల్చుకుంటూ ఎక్కడా తెగనివ్వడు. పెళ్ళిలో ఎవరికీ ఆ అతుకు వినబడదు. ఆ అందుకోవడాన్ని ఐదుగురికి విస్తరిస్తే క్వింటెట్ రచన అయిపోతుంది, మీరు పరాయి చోటి నుంచి తెచ్చుకోవాల్సింది అనుకున్నదానికంటే తక్కువ.

శ్రుతి విషయంలో కూడా మీ చెవి మీకు సాయం చేస్తుంది. పియానోలో ఇ కంటే తంబూరాలో పలికే అంతర గాంధారం సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) కింద ఉంటుంది. గాలి వాద్యాలవాళ్ళు మేజర్ తీగ పట్టినప్పుడు మధ్య స్వరం ఎవరి దగ్గరుంటే వాళ్ళు దాన్ని ఆ తంబూరా చోటుకే దించుతారు, అప్పుడే తీగ వణక్కుండా నిలుస్తుంది. కాబట్టి ఎక్కువసేపు నిలిచే తీగ రాస్తే గాంధారం ఎవరికి ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి. క్లారినెట్‌కి మెత్తగా ఇస్తే బాగుంటుంది, అడుగు స్థాయిలో ఓబోకి ఇస్తే తీగంతా గాంధారమే వినబడుతుంది.

ఒక చిన్న విషయం, కానీ అందరూ ఇక్కడే చిక్కుకుంటారు. మామూలు క్లారినెట్ బి ఫ్లాట్‌లో ఉంటుంది, కాగితం మీద సి రాస్తే బి ఫ్లాట్ పలుకుతుంది. హార్న్ ఎఫ్‌లో ఉంటుంది, సి రాస్తే కింద ఎఫ్ పలుకుతుంది. మీరు స్కోర్ ఎలా రాసుకున్నా వాయించేవాళ్ళకి ఇచ్చే కాగితం వాళ్ళ వాద్యానికి మార్చి ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో చేస్తుంది, ఇచ్చేముందు ఒకసారి చూసుకోండి చాలు.

మరి వాయించేదెవరు? ఇండియాలో ఓబో, బసూన్ వాయించేవాళ్ళు దొరకడం కష్టం. ముంబైలో ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) దగ్గర 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలో కూడా ఈ కుర్చీల్లో ఎక్కువగా విదేశీయులే కూర్చుంటూ వచ్చారు. అందుకని మొదటి రచన పూర్తి క్వింటెట్‌కి రాసి డ్రాయర్‌లో పెట్టుకోవద్దని నా సలహా. మన ఊళ్ళలో క్లారినెట్ వాయించేవాళ్ళు పెళ్ళి బ్యాండ్లలో ఉన్నారు, క్లారినెట్, శాక్సఫోన్ రెండూ వచ్చినవాళ్ళు పోలీసు, మిలిటరీ బ్యాండ్లలో ఉన్నారు. ఆ బ్యాండ్లలో ఉన్నవాళ్ళకి స్టాఫ్ నొటేషన్ కూడా వస్తుంది. ఒక ఫ్లూట్, రెండు క్లారినెట్లు, ఒక శాక్సఫోన్ కుదిరితే దానికే రాయండి. వాళ్ళ దగ్గరికి వెళ్ళి గౌరవంగా అడిగి, వాళ్ళ సమయానికి డబ్బులిచ్చి, ఒక గంటసేపు ఒక్కో స్వరం ఎలా పలుకుతుందో విని రాసుకోండి. బార్బర్ చేసింది కూడా అదే.

అసలు ఒక్కరే దొరికారనుకోండి, స్టీవ్ రైష్ న్యూయార్క్ కౌంటర్‌పాయింట్ (1985) వినండి. పదకొండు క్లారినెట్ భాగాలు, పది ముందే రికార్డు చేసుకుని పదకొండోది వేదిక మీద వాయిస్తారు. పదకొండుమంది కూర్చుని కూడా వాయిస్తారు. మీరు ఒక క్లారినెట్ విద్వాంసుడితో ఒక మంచి మైకు ముందు కూర్చుని మూడు నాలుగు భాగాలు ఒకదాని మీద ఒకటి రికార్డు చేయొచ్చు, గుక్కల లెక్క తప్పినచోటల్లా మొదటి టేక్‌లోనే తెలిసిపోతుంది.

వినే వరస అడిగితే: లిగెటి బాగటెల్స్, వెంటనే ఉమోజా, మర్నాడు రీనా ఇస్మాయిల్, తర్వాత స్ప్లింటర్, ఆ తర్వాత కార్టర్ ఎట్యూడ్స్ స్కోర్‌తో, అప్పుడు లిగెటి టెన్ పీసెస్. స్టాక్‌హాసెన్ ఆఖరున. కొత్త రచనల స్కోర్లు కాపీరైట్‌లో ఉంటాయి కాబట్టి ఉచిత సైట్లలో దొరకవు, ప్రచురణకర్తల సైట్లలో కొన్ని పేజీలు చూడనిస్తారు, నచ్చితే కొనండి, ఆ డబ్బు రాసినవాళ్ళకి నిజంగా అవసరం. రైకా, డాన్జి అయితే ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే పాత స్కోర్ల సైట్లో ఉచితంగా దొరుకుతాయి, వాటిలో ఒకటి తీసుకుని ఒక పేజీ చేత్తో కాపీ చేయండి. కాపీ చేస్తున్నప్పుడు ఎవరు ఎన్ని బార్లు ఖాళీగా ఉన్నారో లెక్కపెట్టండి.

మీ చుట్టుపక్కల ఏ వాద్యాలు దొరుకుతాయో, ఏ రాగం మనసులో ఉందో రాస్తే ఏ స్థాయిలో ఎవరికి ఇస్తే బాగుంటుందో ఇంకొంచెం వివరంగా చెప్పగలను. మొదటి ఎనిమిది బార్లు రాసి పెట్టినా సరే, క్లారినెట్ భాగం నేనే వాయించి చూసి చెబుతాను.